అతుకు ఊడలేదు

"నోరు తెరువు," అన్నాడు డాక్టర్ స్టాన్లీ.

క్రిస్టీనా తెరిచింది. పై వరుసలో ముందు పన్ను మళ్లీ విరిగింది. రెండేళ్ల కింద హైదరాబాద్‌లో వేయించుకున్న క్యాపు అది. పైనున్న పింగాణీ పొర మూల దగ్గర లేచిపోయి, లోపలి గట్టి పదార్థం జిర్కోనియా సున్నం కొట్టిన గోడలా తెల్లగా కనిపిస్తోంది.

"ఇది మూడోసారి. యాడాదిల మూడుసార్లు! నీకు బుద్ధనేది ఉన్నదా?"

ఆమె ఏదో అనబోయింది. డాక్టరు అద్దం పుల్ల నోట్లో పెట్టాడు. మాట ఆగిపోయింది.

అది 2012. జిర్కోనియా పన్ను విరిగితే బాగుచేయగలవాడు నారాయణఖేడ్ మొత్తానికీ తానొక్కడేనని స్టాన్లీ నమ్మకం. ఆ సంగతి బయట బెంచీ మీద కూర్చున్న ప్రతివాడికీ తెలియాలని ఆయన పట్టుదల. అందుకే లోపలి తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

ఆ పొద్దున బెంచీ మీద నాగల్‌గిద్ద నుంచి దవడ వాపుతో వచ్చిన ముసలి రైతు భూమన్న ఉన్నాడు.

"ఎండిన జొన్నరొట్టె కొరికిందేమో సారూ," అన్నాడు జాలిగా. "మెత్తగ అన్నం తినరాదా బిడ్డా?"

"రొట్టెకు విరిగే సరుకు కాదే ముసలోడా ఇది," డాక్టరు నవ్వాడు. "నోరు అదుపుల పెట్టుకోవాలె, గంతే. ఎన్నిసార్లు చెప్పిన! కొందరికి చెప్తె ఎక్కదు."

సహాయానికి ఉండే పోశమ్మ ఉమ్మి పీల్చే గొట్టం పట్టుకొని నిలబడింది. డాక్టరు పెదవిని పక్కకు లాగగానే క్రిస్టీనా కళ్లలో నీళ్లు తిరిగాయి. పోశమ్మ దూదితో తుడిచింది.

"నాటకాలొద్దు," అన్నాడు డాక్టరు.

పన్ను చుట్టూ రబ్బరు తెర బిగించాడు.

"చూడు పోశమ్మా, నేర్చుకో. మామూలు పింగాణీకి యాసిడ్ రాస్తె చాలు, గరుకయితది, అతుకు పడుతది. జిర్కోనియా మొండిది. యాసిడ్‌కు లొంగదు. దాన్ని కొట్టాలె. కొడితెనే మాట వింటది."

చెప్పినట్టే, చిన్న పరికరంతో సన్నని పొడిని గాలి జోరుతో విరిగిన చోట కొట్టాడు. కడిగి, ఆరబెట్టి, అతుకు పట్టించే ప్రైమర్ పూశాడు. పన్ను రంగు కాంపోజిట్ ముద్దను పొర మీద పొరగా పెడుతూ, ఒక్కో పొరకూ నీలి దీపం చూపించి గట్టిపరిచాడు. చివర మెరుగు పెట్టాడు. పనికి వంక పెట్టడానికి లేదు. విరిగిన ఆనవాలే కనిపించలేదు.

"ఎల్లుండి ఆదివారం. చర్చిల నలుగురు చూస్తరు," అన్నాడు చేతి తొడుగులు విప్పుతూ. "నువ్వు విరిగిన పన్నేసుకొని తిరిగితె పోయేది నా పేరు."

క్రిస్టీనా నోరు పుక్కిలించి లేచింది. వెళ్లకుండా అక్కడే నిలబడింది.

"ఇంకేంది?"

"క్యాపు చేసిన ల్యాబోళ్లకు ఫోన్ చేసిన," అంది మెల్లగా. "వారంటీ ఉన్నది గదా, కొత్తది ఇయ్యుమన్న. మా క్యాపు మంచిగనే ఉంటది, మీ ఊరి డాక్టరు పెట్టిన అతుకే ఊడిపోతున్నది అన్నరు."

స్టాన్లీ ముఖం కందగడ్డలా అయింది.

"నా అతుకు ఊడుడా? ఎవడు వాడు? జిర్కోనియాకు అతుకేసుడు వానికి ఎరుకేనా అసలు?"

"నాకేం తెల్వది. డాక్టరుతోని కాయితం రాయించి పంపుమన్నరు."

"నీకేం తెలుస్తది! తెలివుంటె ఈ కుర్చీల మూడుసార్లు ఎందుకు కూసుంటవ్?"

లెటర్‌హెడ్ ముందుకు లాక్కున్నాడు. బెంచీ దాకా వినపడేలా పైకి చదువుతూ రాశాడు.

"క్రిస్టీనా అనే ఈ పేషెంటు పన్నును మూడుసార్లు నేనే బాగుచేశాను. ఇంతకుముందు నేను వేసిన అతుకులు ఈ రోజుకీ ఊడలేదు. ప్రతిసారీ వాటి పక్కన కొత్త ముక్క విరిగింది. నమలడం వల్ల ఇలా విరగదు. మూడుసార్లూ బయటి నుంచి మూతి మీద బలమైన దెబ్బ తగిలింది."

రిజిస్టరు తెరిచి మూడు తేదీలూ ఎక్కించాడు. సంతకం పెట్టి, స్టాంపు గుద్ది, కాగితం ఆమె మీదికి విసిరాడు.

"పో. ఆ ల్యాబోని మొకాన కొట్టు. భూమన్నా, నువ్వు రా."

కాగితం నేల మీద పడింది. పోశమ్మ వంగి తీసి, మడత పెట్టి, క్రిస్టీనా చేతిలో ఉంచింది. ఆ చేతిని ఒక్కసారి గట్టిగా నొక్కి వదిలింది.

క్రిస్టీనా రోడ్డెక్కింది. పోస్టాఫీసు దాటింది, కొరియర్ దుకాణమూ దాటింది. బస్టాండు దగ్గర ఆటోవాడు పిలిచినా ఆగలేదు. ఎండలో నడుచుకుంటూ పోలీసు స్టేషన్ దాకా వెళ్లింది. కొంగుతో మొహం తుడుచుకొని లోపలికి నడిచింది.

"ఏందమ్మా?" అన్నాడు ఎస్సై తల ఎత్తకుండానే.

ఆమె కాగితాన్ని బల్ల మీద పరిచింది. ఎస్సై రెండుసార్లు చదివాడు. ఆ తర్వాత ఆమె పెదవి వైపు చూశాడు.

"తేదీలతో సహా డాక్టరే రాసిచ్చిండు. ఇంకేం సాక్ష్యం కావాలె?" పెన్ను చేతిలోకి తీసుకున్నాడు. "చెప్పు, కొట్టిందెవరు?"

"కింద సంతకం పెట్టినోడే సార్, నా మొగుడు," అంది క్రిస్టీనా.