గూట్లో పొట్లం

"ఆ పొట్లాలన్నీ ఈడ పెట్టి కదులమ్మా!" మారెప్ప జీపుకు అడ్డంగా నిలబడ్డాడు.

మూతబడిన బంగారు గని దిబ్బ పక్కనే అతని రెండెకరాల వేరుశెనగ చేను. పొద్దుటి నుంచి, జీపులో వచ్చిన ఆఫీసరు శ్రీదేవి మేడం ఆ చేలో మన్నూ, ఆకులూ ప్లాస్టిక్ కవర్లలో వేసి నంబర్లు రాస్తోంది. ఉత్త మన్నుకు నంబర్లెందుకు? మారెప్పకు అక్కడే అనుమానం తగిలింది.

"పరీక్షకు తీసుకెళ్తున్నామండీ. వానకు దిబ్బ కరిగి మీ చేలోకి విషం దిగింది. సీసం, ఆర్సెనిక్. ఈ మన్ను ముట్టుకున్న చేత్తో అన్నం కూడా తినొద్దు."

"విషమా! మా నాయన కాలం నుంచి ఈడ పండిందే తింటాండాం. యాపొద్దు సచ్చినాం? విషమని బెదిరిచ్చి చేను లాక్కొని, అడుగున బంగారం తవ్వుకునేకి ఎత్తు వేసినారు. మాకు తెలీదా ఏంది!"

మేడం కోప్పడలేదు. అదీ అనుమానమే అయింది మారెప్పకు. లటుక్కున ఒక పొట్లం లాక్కుని ఊళ్ళోకి పరుగు తీశాడు.

పెళ్ళాం నరసమ్మకు చెబితే ఊరంతా టాంటాం. అందుకే ఏడో నెల కడుపుతో పుట్టింటికొచ్చిన కూతురు భాగ్యను నమ్ముకున్నాడు. ఆ పిల్ల వసారాలో గోడ గోకుతూ కూర్చుంది.

"అమ్మీ, గూట్లో పొట్లం పెట్టినా. ఎవురొచ్చినా ముట్టనియ్యొద్దు!"

ధర్మవరం బస్సెక్కాడు. సాయంత్రానికి కంసాలి శంకరప్పను వెంటబెట్టుకొచ్చి, గూట్లో చెయ్యి పెట్టాడు. కవరుంది. మన్ను లేదు.

"ఎవురే తీసింది?" నరసమ్మ మీదికి ఎగిరాడు.

"నాకేం తెలుసు? నీ అనుమానం పాడుగాను!"

"ఆ జీపామె వచ్చిందా?"

"ఎవురూ రాలేదు."

శంకరప్ప కవరు అడుగున మిగిలిన మన్నును వేలితో నలిపి, వెలుతురులో పెట్టి చూశాడు. "రవ్వంత బంగారం కూడా లేదబ్బా. ఉత్త మన్ను."

"ఉత్త మన్నయితే ఎవురు ఎత్తుకపోతారప్పా? ఎవురికి పనికొస్తాది?" మారెప్ప గుమ్మం బయట కనిపించిన ప్రతి మొహాన్నీ అనుమానంగా చూశాడు.

భాగ్య సిగ్గుతో తల వంచుకుని, కడుపు మీద చెయ్యి వేసుకుంది.

"తిట్టొద్దు నాయనా. ఎవురినీ ముట్టనియ్యలేదు. తడి మన్ను వాసన కమ్మగా వస్తాంటే ఆగలేక... అంతా నేనే తినేసినా."