చల్లటి నీళ్లు

“మొన్న గుండెదడ వచ్చినప్పుడు ఏం చేస్తున్నారు?” డాక్టరమ్మ అడిగింది.

“వెల్డింగు పని నుంచి ఇంటికొచ్చి, ఫ్రిజ్‌లోంచి నీళ్ల సీసా తీసి గటగటా తాగానండీ. అంతే.”

“ఇదివరకు వచ్చినప్పుడు?”

“అప్పుడంతా మా అక్కతో గొడవలే. ఆవిడ నోరు తెరిస్తే చాలు, నా గుండె గాడి తప్పేది. అందుకే ఇంట్లోంచి పంపించేశాను.”

పక్కనున్న భార్య మెల్లగా అంది. “గొడవైన ప్రతిసారీ, కోపం చల్లారుతుందని ఐసునీళ్లు నేనే ఇచ్చేదాన్ని.”

డాక్టరమ్మ కలం ఆపింది. “అవి తాగాకేనా దడ?”

భార్య తలూపింది.

“కొందరికి అలా అవుతుంది. మీక్కూడా అదే అయ్యుండాలి. చల్లటివి మానేసి చూడండి.”

అతను వరండాలోకొచ్చి అక్కకు ఫోన్ చేశాడు. రెండేళ్లుగా ఆవిడ ఊరి చివర అద్దెగదిలో ఒక్కతే ఉంటోంది.

“నీ గుండె ఎలా ఉందిరా?” ఎత్తగానే అడిగింది. “నా నోరు మంచిది కాదు. నేను దూరంగా ఉంటే నువ్వు బాగుంటావని ఇక్కడే సర్దుకుంటున్నా.”

నిజం గొంతుదాకా వచ్చింది. అది చెబితే ఆ రెండేళ్లకీ జవాబు చెప్పుకోవాలి.

“బాగుందక్కా,” అని ఫోన్ పెట్టేశాడు.