రెండు సోయా సాసులు

తండ్రి అరచేతిలో సుమేరా రెండు సోయా సాసుల చుక్కలు పక్కపక్కన వేసింది. "ఏది మంచిగున్నది అబ్బా?"

ఖాజా పాషా రెండూ నాకాడు. "మొదటిది ఒట్టి ఉప్పు నీళ్లు. రెండోది తీసుకో బేటా, నూడుల్స్‌కు రంగు పడ్తది."

గొంతు క్యాన్సర్‌కు ఆస్పత్రిలో రేడియేషన్ కరెంటు పెట్టినప్పటి నుంచి ఆయన నాలుకకు రుచి తెలియదు. సుబేదారి చౌరస్తాలో వాళ్ల నూడుల్స్ బండి అప్పుడే ఆగిపోయింది.

"రుచి వచ్చిందా అబ్బా!" సుమేరా సంబరంగా ఆయన చెయ్యి పట్టుకుంది. మొదటి సాస్ మరక పల్చగా మణికట్టు దాకా కారింది. రెండోది చిక్కగా వేసినచోటే అంటుకుంది. ఆమె సంబరం అక్కడే ఆగింది.

"ఇంకో సాస్ ఉన్నది. కండ్లు మూస్త, చెప్పు."

ఒక చేత్తో ఆయన కళ్లు మూసి, చెంచాతో నాలుక మీద మంచినీళ్లు పోసింది.

ఆయన చప్పరించాడు. "ఇదా? మనం వాడే పాతదే. దీన్ని మించింది లేదు."

"కరెక్టే అబ్బా."

"అయితే రేపు బండి తీద్దామా?"

సుమేరా ఆయన కళ్ల మీంచి చెయ్యి తీయలేదు. తీస్తే ఆయన తన ముఖం చూస్తాడు. చూసి చెప్పడం ఆయనకు బాగా వచ్చు.