ఆకుల మీద దుమ్ము

ఆకుల మీద దుమ్ము కూడా ఉంది.

పెద్దకోడలు ఫోన్‌లోని బొమ్మను వేళ్ళతో సాగదీసి మరీ చూసింది. ఎక్కడైనా ఒక్క తప్పు దొరికితే ఆ పూట హాయిగా అన్నం తినొచ్చని ఆమె ఆశ. దొరకలేదు. గుబురుగా చెట్ల నీడ, కింద అర్ధచంద్రంలా తిరిగిన రాతిగట్టు, జనం కూర్చుని కూర్చుని నున్నబడిన దాని అంచు, దారి వదిలేసి గడ్డికి అడ్డంపడి నడిచిన కాళ్ళ జాడ. కంప్యూటర్లో కట్టిన తోటకి ఇంత జీవం పోసే రెండరింగ్ సాఫ్ట్‌వేర్ ఏదో తోడికోడలి చేతిలో ఉంది. తనకి లేదు.

బొమ్మ పంపింది అత్తగారు. ఆ వెంటనే ఫోన్ చేసి, అది చిన్నకోడలు పంపిందనీ, నీకు తప్పకుండా చూపించమందనీ, ఎంత బాగా చేసిందో చూడమనీ చెప్పి పెట్టేసింది. తప్పకుండా చూపించమందట. ఆ మాట దగ్గర పెద్దకోడలికి ఒళ్ళు మండిపోయింది.

ఇద్దరూ చేసేది ఒకటే పని, తోటల డిజైన్. చిన్నది పెద్ద కంపెనీలో, అద్దాల గదిలో. పెద్దది సొంతంగా, ఇంటి వెనకగదిలో, ఇస్త్రీ చెయ్యాల్సిన బట్టల పక్కన. సోమవారం ఒక ఆసుపత్రి వాళ్ళకి ఆవరణ డిజైన్ చూపించాలి. ప్లాన్లు మాకు అర్థం కావు, చెట్లు ఎదిగాక ఎలా ఉంటుందో కళ్ళకు కట్టినట్టు చూపిస్తేనే పని ఇస్తామన్నారు వాళ్ళు. ఇది కూడా చేజారితే వెనకగదికి తాళం వేసి ఎవరి దగ్గరో ఉద్యోగంలో చేరాల్సిందే.

కళ్ళకు కట్టడం ఆమెకి మొదట్నుంచీ కలిసిరాలేదు. పెళ్ళికి ముందు చేసిన మొట్టమొదటి పని ఒక బడి ఆవరణ. కాగితం మీద చల్లటి నీడ గీసింది, నేల మీద నాటినవేమో వేలంత లావు మొక్కలు. "తోట అన్నారు, పుల్లలు పాతి వెళ్తున్నారేంటమ్మా?" అన్నాడు హెడ్మాస్టరు. వరండాలో నిలబడ్డ పిల్లలు పకపకా నవ్వారు. ఆ వీధి మొహం ఆమె మళ్ళీ చూడలేదు. ఆ మధ్య భోజనాల దగ్గర భర్త ఈ సంగతి చెప్పి అందరినీ నవ్వించాడు. చిన్నకోడలు మాత్రం ఏ బడి, ఎక్కడ అంటూ గుచ్చిగుచ్చి అడిగి పుండు మీద కారం చల్లింది.

భర్త సెలవు పెట్టి మరీ సాఫ్ట్‌వేర్ వేటలో సాయానికి కూర్చున్నాడు. ముందు ఉచితంగా దొరికేది చూశారు. చెట్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టు, గడ్డి ప్లాస్టిక్ చాపలా వచ్చింది. నెలనెలా అద్దె కట్టేదాంట్లో వెలుతురు ముచ్చటగా ఉంది గానీ, అద్దె ఆపితే తన ఫైళ్ళు తనకే తెరుచుకోవట. ఒకేసారి కొనేది అన్నిటికన్నా బాగుంది. బొమ్మ సగం తయారయ్యేసరికి కంప్యూటర్ ఫ్యాన్ రొదపెట్టి తెర నల్లబడింది.

"దీనికి కావాల్సింది సాఫ్ట్‌వేర్ కాదు, ఆక్సిజన్," అన్నాడు భర్త.

"మీ మరదలి ఆఫీసులో కంప్యూటర్లు ఇలా ఆయాసపడవు."

"ఆ ఉచితమైనదే నేర్చుకో. ఓపిగ్గా కూర్చుంటే వస్తుంది."

"ఏం వస్తుంది? ఆకుల మీద దుమ్ము వస్తుందా?"

పోనీ ఆ మరదలినే అడగమన్నాడు. దానికన్నా వెనకగదికి తాళం వెయ్యడమే నయమంది పెద్దకోడలు. అయినా చెయ్యి ఊరుకోక బొమ్మను మళ్ళీ తెరిచింది. ఈసారి ఆ రాతిగట్టు వంపు దగ్గర ఆగిపోయింది. నీడకి ఎదురుగా కాకుండా నీడను ఒళ్ళో పెట్టుకున్నట్టు గట్టు తిప్పడం తన అలవాటు. అంటే చిన్నది తన పాత డ్రాయింగులు చూసి కొట్టేసింది! అంతవరకూ కడుపులో మంటే, ఇప్పుడు కోపం కూడా తోడైంది.

ఆదివారం చిన్నకోడలు వచ్చింది. చెప్పులు విడిచి నేరుగా వెనకగదిలోకి వచ్చి, వెలిగిపోతున్న మొహంతో, బొమ్మ చూశారా అక్కా అని అడిగింది.

"చూశాను. ఆ గట్టు వంపు నాది."

"అవునక్కా, మీదే."

బుకాయిస్తుందనుకుంటే ఇంత నదురూ బెదురూ లేకుండా ఒప్పుకుంది. పెద్దకోడలికి ఏడుపు తన్నుకొచ్చింది.

"నిజం చెప్తున్నా, నిన్ను చూసి కుళ్ళుకుంటున్నాను. వంపు తీసుకుంటే తీసుకున్నావు, ఆ సాఫ్ట్‌వేర్ పేరైనా చెప్పు. రేపు ఆసుపత్రి వాళ్ళకి నేనేం చూపించాలి?"

చిన్నకోడలు అయోమయంగా ఆమె ఫోన్ అందుకుంది. అందులో బొమ్మ ఒక్కటే ఉంది.

"కింద నేను రాసింది అత్తయ్య పంపలేదా?"

"ఏం రాశావు?"

చిన్నకోడలు ఇస్త్రీ బట్టలు పక్కకి జరిపి, ఆమెను ఆనుకుని కూర్చుంది.

"అది నేను చదువుకున్న బడి ఫోటో అక్కా, ఆ చెట్లు మీరు పాతిన పుల్లలే."