చేపలవాడి గిటారు

రోసెల్లా మరోసారి చదివింది: పదకొండేళ్ళ కిందట పోయిన మనిషి చేసిన గిటారు లోపల నిరుటి ఏప్రిల్ తేదీ వేసి ఉంది.

పళ్ళ డాక్టరు వాడే చిన్న అద్దాన్ని గిటారు కన్నంలోంచి తీసి, తుడిచి, మళ్ళీ దూర్చింది. తేదీ మారలేదు. పైపలక అడుగున, పెన్సిల్ రాత. బయటికి కనిపించే చీటీ మీద మాత్రం 1968.

"బాబాయ్, ఏమిటిది?"

గిటారు అమ్మజూపిన ముసలాయన కుర్చీలోంచి కదల్లేదు. "ఏ మరమ్మతువాడో గీకి ఉంటాడు. నాకు చేప పొట్ట కొయ్యడం తెలుసుగానీ గిటారు పొట్ట సంగతి ఏం తెలుసమ్మా!"

ఆ చీటీ మీది పేరూ, ఈయన పేరూ ఒకటే: నూన్జియో గ్రాసో. సిసిలీలో మనవడికి తాత పేరు పెట్టకపోతే ఆ తాత చచ్చేదాకా మాట్లాడడు. అందుకే ఆ ఇంటి అన్నదమ్ములిద్దరూ తమ పెద్దకొడుకులకి తండ్రి పేరే తగిలించారు. ఒక నూన్జియో కతానియా పట్నంలో గిటార్లు చేశాడు. ఇంకో నూన్జియో చేపలమ్మాడు. పదకొండేళ్ళ కిందట గోడల మీద నల్ల అంచు కాగితాలు అంటించారు: 'నూన్జియో గ్రాసో ఇక లేరు.' అంతే, అమ్ముడుపోక దుమ్ము కొట్టుకుపోయిన గిటార్లకి వారం తిరక్కుండా రెక్కలొచ్చాయి. మిగిలినవాటిని ఈయన ఈ కొత్త ఊళ్ళో కూర్చుని ఒక్కొక్కటే అమ్ముతున్నాడు.

రోసెల్లా తీగ మీటింది. అచ్చం గ్రాసో గిటారు నాదమే. దాంతో ఆమెకి ఒళ్ళు మరింత మండింది.

"ఎవడు చేస్తున్నాడు ఈ దొంగసరుకు? పోయినాయన పేరు చెప్పుకుని అమ్మడానికి సిగ్గులేదూ?"

"పోయినాయన ఒక్కనాడూ అభ్యంతరం చెప్పలేదే!"

"పోలీసుల్ని పిలుస్తాను."

"పిలువు. కాఫీ ఎందరికి పెట్టమంటావ్?"

"ఆయన సమాధి దగ్గరికెళ్ళి లెంపలేసుకో!"

"ఏటా వెళ్తున్నా. పూలు కూడా నా ఖర్చే."

రోసెల్లా ఎదుటి కుర్చీలో కూలబడింది. "నీకు వేళాకోళంగా ఉంది బాబాయ్. మా కొండ మీద ఆల్ఫియో తాతకి తొంభై ఏళ్ళు. పాత బండివాళ్ళ పాటలు ఆయనొక్కడి గొంతులోనే మిగిలాయి. సోమవారం రికార్డింగు. గ్రాసో చేసిన గిటారైతేనే నోరు తెరుస్తానన్నాడు. మిగతావన్నీ డబ్బా రేకులట. ఇది నకిలీ అయితే మొదటి మీటుకే పట్టేస్తాడు. ఆ పాటలు ఆయనతోనే పోతాయి."

ముసలాయన నవ్వు ఆగిపోయింది.

"మళ్ళీ చెప్పు. ఏమన్నాడూ?"

"గ్రాసోది కాకపోతే డబ్బా రేకులన్నాడు."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. చొక్కా గుండీ సర్దుకున్నాడు.

"చీటీని కాఫీలో నానబెట్టి అంటించింది నేనే. పాతదంటే తప్ప మీరు కొనరుగా. కానీ గిటారు గ్రాసోదే. ధైర్యంగా పట్టుకెళ్ళు."

"ఎలా నమ్మమంటావ్?"

"గోడ మీద కాగితం చూసి అందరూ పొరబడ్డారమ్మా, అప్పుడు పోయింది చేపలవాడు."