రెండు కిలోల చిట్టిముత్యాలు

“అవి అమ్మేటియి కావక్కా. మా ఇంటికని దాచుకున్న,” అన్నాడు రాజమల్లు, బల్ల కింది సంచిని కాలితో ఇంకాస్త లోపలికి నెడుతూ.

నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో రైతుల దేశీ బియ్యం సంతకు అది ఆఖరి సాయంత్రం. అబిడ్స్ పోస్టాఫీసులో పని ముగించుకుని అనురాధ ఉరుకులు పరుగుల మీద వచ్చేసరికి చిట్టిముత్యాలు అన్నిచోట్లా అయిపోయాయి. ఈ రెండు కిలోలే మిగిలాయి.

“రేపు మా అమ్మ సంవత్సరీకం అన్నా. ఇస్తారిల గీ బియ్యమే పెట్టాలె. జర ఇయ్యి.”

రాజమల్లు నవ్వాడు. అమ్మ పేరు చెప్పి, బియ్యంతో ఫొటో దిగి పోయేవాళ్లను నాలుగు రోజులుగా చూస్తున్నాడు మరి.

“దీని గురించి నీకేమెరుక?”

అనురాధ వంగి సంచిలో చెయ్యి పెట్టింది. పిడికెడు తీసి వాసన చూసింది. కళ్లు చెమర్చాయి.

“పైరు గాలికి పడిపోయేది. అమ్మ నాలుగేసి మొదళ్లు కలిపి కట్టి నిలబెట్టేది. బియ్యం పట్టించినంక గిట్లనే పిడికెడు తీసి వాసన చూసి, సంచి మూతి కుట్టేది. ఉస్మాన్‌గంజ్ మార్కెట్ లారీ వచ్చేదాక సంచుల పక్కనే పండుకునేది. కొత్త వంగడం వచ్చినంక రెండింతలు పండింది. ఇగ దీన్ని వెయ్యలే.”

“పంట పెరిగింది, రుచి పోయింది!”

“కడుపులు నిండినయి అన్నా,” అంది మెల్లగా.

రాజమల్లు కొంచెం మెత్తబడ్డాడు. అయినా పట్టు వదల్లేదు. “ముచ్చట్లు ఫోన్ల చూసి గూడ చెప్తరు. నాలుక అబద్ధం చెప్పది.”

రుచి చూపడానికి వండిన అన్నం రెండు దొప్పల్లో పెట్టాడు.

“ఒకటి చిట్టిముత్యాలు, ఇంకోటి కొత్త రకం వాసన బియ్యం. మీ అమ్మ వండింది ఏదో చెప్పు, సంచి నీదే.”

అనురాధ జంకింది. అమ్మకు పెట్టకముందే తినాలంటే మనసొప్పలేదు. కానీ సంచి కావాలి. మొదటిది తిన్నది, రెండోది తిన్నది, మళ్లీ మొదటిది. చివరికి తల వంచుకుంది.

“తెలుస్తలేదన్నా.”

“గంతేనా? అమ్మ చేతి బువ్వ గూడ మరిచినవా అక్కా?” రాజమల్లు సంచి మూతి బిగించాడు. “ఇగ దీన్ని ఇంటికే తీస్కపోత. పండించినోళ్లకు గూడ రెండు ముద్దలుండాలె గద!”

ఆ మాటకు అనురాధ తలెత్తి చూసింది.

“మా ఇంట్ల ఈ బియ్యం ఎన్నడూ వండలే.”