నోరులేని విమానం

"మీ ఆయన ఏం పని చేస్తాడో మీ మాటల్లో చెప్పండమ్మా," అన్నాడు క్రాండల్, ఆపిల్ కేకు ముక్కలోకి ఫోర్కు దించుతూ.

"నీళ్లు కాచే యంత్రాలు చేస్తాడు," అంది వెర్నా. "హోటళ్లకీ ఆస్పత్రులకీ ఇంత ఇంత పెద్దవి. ఊరందరికీ వేడినీళ్లు పోస్తాడు. మా ఇంట్లో గీజరు మాత్రం మార్చి నుంచీ మూలుగుతోంది."

క్రాండల్ నవ్వాడు. పక్కనే కూర్చున్న ఆమె భర్త లోవెల్ కూడా నవ్వాడు.

క్రాండల్ వేడినీళ్ల కంపెనీ తరఫున వచ్చిన ఇన్సూరెన్స్ అధికారి అని వెర్నాకు చెప్పారు. నిజానికి అతను ప్రభుత్వ నిఘా సంస్థలో గుట్టు కాపాడే శాఖవాడు. ఆ కంపెనీ పేరుకి ఒక బోర్డు మాత్రమే. లోవెల్ తొమ్మిదేళ్లుగా మొహావీ ఎడారిలో కిటికీల్లేని ఒక షెడ్డులో కూర్చుని మనిషి ఎక్కని విమానాన్ని గీస్తున్నాడు. అది మేఘాలకు చాలా ఎత్తున ఎగిరి, శత్రుదేశపు క్షిపణి స్థావరాలను ఫొటోలు తీసి, ఆ ఫిల్మును పారాచూట్‌తో సముద్రం మీదికి జారవిడిచి, తాను నీట మునిగిపోతుంది.

ఇంతవరకూ అది కాగితాల మీదా, నమూనాల్లోనే ఉంది. సోమవారం నుంచి అసలు ప్రణాళిక మొదలు. ఎన్ని కట్టాలి, ఎక్కడి నుంచి వదలాలి, కూలితే పత్రికలకు ఏమని బొంకాలి, అన్నీ తేల్చే పెద్ద కుర్చీ లోవెల్‌దే. అయితే ఒక షరతు. అతని భార్యకు ఇందులో ఒక్క ముక్క తెలిసినా అతని పేరు కొట్టేస్తారు. తొమ్మిదేళ్ల కష్టం ఇంకొకరి చేతిలోకి పోతుంది.

పొద్దున కారు దిగగానే క్రాండల్ ఆ మాట దాచకుండా చెప్పాడు.

"మనిషి లేని విమానం కూలినా నోరు విప్పదండీ. విప్పేది మనుషులే. అందులోనూ పెళ్లాలు."

"నా భార్య సంగతి మీకు తెలీదు."

"తెలీదు గనకే వచ్చాను."

ఇప్పుడు బల్ల దగ్గర క్రాండల్ కాఫీ గుక్కెడు తాగి మళ్లీ అందుకున్నాడు. "నెలకు పది రోజులు ఇంట్లో ఉండడటగా. ఎక్కడికెళ్తాడు?"

"రీనో వైపు. అక్కడ హోటళ్లెక్కువ కదండీ."

"అలాంటి యంత్రాలు భవనాల అడుగున పెడతారు. ఈయన మెడ చూస్తే ఎండకి కమిలిపోయింది."

అది ఎడారిలో నమూనాలను పరీక్షించినప్పటి ఎండ. ఆ ప్రశ్నకు లోవెల్ ఎప్పుడూ జవాబు తయారు చేసుకోలేదు.

"కొత్త హోటళ్లలో డాబా మీదే పెడుతున్నారుగా," అంది వెర్నా, క్రాండల్ కప్పులో ఇంకాస్త కాఫీ పోస్తూ. "టోపీ పెట్టుకోవయ్యా అంటే వినడు. మీరైనా చెప్పండి."

డాబాల సంగతి లోవెల్ ఆమెకు ఏనాడూ చెప్పలేదు. నమ్మిన మనసుకు సాక్ష్యాలు అక్కర్లేదు, అవే పుట్టుకొస్తాయి అనుకున్నాడు. కొంచెం సిగ్గేసింది. ప్రతి ఆదివారం చర్చిలో ఆమె పక్కనే మోకరిస్తూ తొమ్మిదేళ్లు మోసం చేశాడు. దేశం కోసం దాచినది పాపమవుతుందా అని దేవుణ్ణి చాలాసార్లు అడిగాడు. ఆయన కూడా తన గుట్టు విప్పలేదు.

"నిద్రలో మాట్లాడతాడా?"

"గురక పెడతాడు. అందులో మాటలున్నాయేమో మీరొచ్చి వెతుక్కోవాలి."

"ఈమధ్య ఎప్పుడైనా దిగులుగా కనిపించాడా?"

పోయిన నెల నమూనా విమానం రెక్క పరీక్షలో విరిగిపోయింది. మూడు రోజులు లోవెల్‌కు ముద్ద దిగలేదు.

"పోయిన నెల మూడు రోజులు తిండి మానేశాడండీ," అంది వెర్నా. లోవెల్ తలెత్తి ఆమె వంక చూశాడు. "పంటినొప్పి. లవంగనూనె రాస్తే గానీ తగ్గలేదు."

పంటినొప్పి అని తాను చెప్పినట్టు అతనికి గుర్తులేదు. చెప్పే ఉంటాడు.

క్రాండల్ తాను రాసుకుంటున్న పుస్తకం మూసి, రెండో కేకు ముక్క కూడా ముగించి లేచాడు. కారు దగ్గర గొంతు తగ్గించాడు.

"ఇరవై రెండేళ్లుగా ఇదే పని నాది. ఎవరి ఇంట్లోనైనా ఏదో ఒక ప్రశ్నకి ఇల్లాలి కన్ను తడబడుతుంది. ఇక్కడ తడబడలేదు. మీ పాస్టర్‌ని కూడా వాకబు చేశాను. ఆదివారం బడిలో పిల్లలకి పాఠాలు చెప్తుంది, బుద్ధెరిగి అబద్ధమాడి ఎరగదు అన్నాడు. అలాంటావిడకి తెలీదంటే తెలీనట్టే." చెయ్యి చాపాడు. "తొమ్మిదేళ్లు ఒకే కప్పు కింద దాచారు. మీ విమానం కంటే మీరే గట్టివారు. సోమవారం ఏడింటికి వచ్చి ఆ కుర్చీలో కూర్చోండి."

కారు మలుపు తిరిగాక లోవెల్ తలెత్తి ఆకాశం వంక చూశాడు. ఒక రోజు తన విమానం సముద్రాలు దాటి వెళ్తుంది. దాని కోసం ఏ తల్లీ ఏడవక్కర్లేదు. ఆ ఘనత ఎవరికీ తెలియదు. లోపల బంగాళాదుంపలు ఉడికిస్తున్న మనిషికి కూడా తెలియదు. ఆ ఒక్కటే వెలితి. అయినా ఛాతీ పొంగింది.

వెర్నా అప్పటికే బల్ల మీద కోడికూర, బంగాళాదుంపలు పెట్టింది.

"మంచివాడే. ఇన్సూరెన్స్ ఇస్తారటా?"

"ఇస్తారట."

"అయితే కూర్చో. చల్లారిపోతుంది."

భోజనానికి ముందు ప్రార్థన చేసేది ఎప్పుడూ లోవెలే. ఇవాళ సంతోషంలో ఆమె నోట వినాలనిపించింది.

"ఈపూట నువ్వు చెయ్యి," అన్నాడు.

వెర్నా చేతులు జోడించి కళ్లు మూసుకుంది.

"ప్రభూ, ఈ భోజనానికి నీకు స్తోత్రం. ఈ ఇంటిని చల్లగా చూడు. ఇందాక ఆ పెద్దమనిషితో నేనాడిన అబద్ధాలన్నీ క్షమించు."